పాత మోటార్ సైకిల్ మొరాయిస్తోందా?

మీ ఇంటి సావిట్లోనో, పెరట్లో గేదెల పాకలోనో గోనెపట్టా కప్పుకుని ఓ పాత మోటార్ సైకిల్ ఉందా? నాన్నగారు చేపల చెరువుల గట్ల మీద తిరిగిన రాజ్‌దూత్ కావచ్చు. మామగారు స్కూలుకి వెళ్ళొచ్చిన యెజ్డీ కావచ్చు. మరిదిగారు కాలేజీ రోజుల్లో ముచ్చటపడి కొనుక్కున్న ఆర్.ఎక్స్.100 కావచ్చు. వీధిలో "పాత ఇనప సామాన్లు కొంటాం" అని కేక వినబడ్డప్పుడల్లా దాని వంక చూస్తాం. మనసొప్పక ఊరుకుంటాం.

ఈలోగా ఇంట్లో ఎవరికో ఉత్సాహం వస్తుంది. అబ్బాయో, అమ్మాయో, ఒక్కోసారి మీరో "దీన్ని మళ్ళీ నడిపిద్దాం" అని నడుం బిగిస్తారు. దుమ్ము దులిపి, టైర్లకి గాలి కొట్టించి, లీటరు పెట్రోలు పోసి కిక్కు కొడితే ఏముంది? కాళ్ళు నొప్పి పుట్టడం తప్ప బండి ఉలకదు, పలకదు. ఆఖరికి మెకానిక్కు వచ్చి ఒకే ముక్క చెప్తాడు: "కార్పొరేటర్ పోయిందమ్మా!"

కంగారు పడకండి. 2005లో ఏలూరు కార్పొరేషన్ అయిన దగ్గర్నుంచి మనకి వార్డుకో కార్పొరేటర్ ఉన్న మాట నిజమే గాని, ఆయన చెప్పేది వాళ్ళ గురించి కాదు. కార్బొరేటర్ గురించి. మన మెకానిక్ షెడ్లలో దాని ముద్దుపేరు అదే.

ఇక్కడే మీరు కాస్త ఆగి ఆలోచించాలి. కార్బొరేటర్ పోవడం వేరు, పూడుకుపోవడం వేరు. పోతే కొత్తది కొనాలి. పూడుకుపోతే కడిగితే చాలు. ఏళ్ళ తరబడి నిలబడిపోయిన బళ్ళలో ఎక్కువగా జరిగేది రెండోదే. ఆ తేడా తెలియక కొందరు అనవసరంగా కొత్త సామాను వేయిస్తారు. ఇంకొందరు విసిగిపోయి బండినే ఇనప కొట్టుకి తూకానికి ఇచ్చేస్తారు. వచ్చేది ఇనుము ధర. పోయేది నాన్నగారి జ్ఞాపకం.

స్టవ్వు తెలిస్తే ఇదీ తెలిసినట్టే

కార్బొరేటర్ చేసే పని మీకు కొత్తదేం కాదు. గ్యాస్ స్టవ్వు చూడండి. సన్నని రంధ్రంలోంచి గ్యాసు వస్తుంది, పక్కనుంచి గాలి కలుస్తుంది. రెండూ సరిగ్గా కలిస్తే మంట నీలంగా ఉంటుంది. గాలి చాలకపోతే మంట పచ్చగా లేచి గిన్నెకి మసి పడుతుంది.

కార్బొరేటర్లోనూ అంతే. ఇంజను గాలి పీల్చుకుంటుంది. ఆ గాలి ఇరుకు దారిలో జోరుగా పోతూ సన్నని రంధ్రాల్లోంచి పెట్రోలుని తుంపరగా లాక్కుంటుంది. ఆ రంధ్రాలున్న ఇత్తడి ముక్కల్నే జెట్లు అంటారు. బండి నిలబడి నెమ్మదిగా ఆడేటప్పుడు స్లో జెట్టు, యాక్సిలరేటర్ బాగా తిప్పినప్పుడు మెయిన్ జెట్టు పనిచేస్తాయి. మధ్యలో ఓ సన్నని సూది పైకీ కిందికీ కదులుతూ పెట్రోలు కొలత చూసుకుంటుంది. అడుగున చిన్న గిన్నె ఉంటుంది. అందులో ఫ్లోట్ అనే తేలే ముక్క, మన ఇంటి మీది నీళ్ళ ట్యాంకులో బంతి లాగా, గిన్నె నిండగానే పెట్రోలు రాకుండా ఆపేస్తుంది.

తూకంలో చూస్తే ఒక వంతు పెట్రోలుకి సుమారు 15 వంతుల గాలి కావాలి. పెట్రోలు ఎక్కువైతే బండి మసి కక్కుతుంది. తక్కువైతే వేడెక్కి, ఎగదన్ని ఆగిపోతుంది. ఉప్పెక్కువైనా కూర పాడే, తక్కువైనా పాడే కదా!

ఇదంతా మనకెందుకు అంటారా? 2020 ఏప్రిల్లో బి.ఎస్.-6 నియమాలు వచ్చాక కొత్త బళ్ళలో కార్బొరేటర్ దాదాపు మాయమైంది. దాని స్థానంలో కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే పద్ధతి వచ్చింది. కొత్తగా పని నేర్చుకునే కుర్రాళ్ళకి కార్బొరేటర్ విప్పే అవసరం తగ్గిపోతోంది. కాబట్టి పాత బండి ఉన్న ఇంట్లో కాస్త తెలిసిన వాళ్ళు ఒకరుండాలి. అది మీరే ఎందుకు కాకూడదు?

చెయ్యి పెట్టే ముందు

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. నేల మీద పాకుతూ దూరంగా ఉన్న నిప్పుని కూడా అందుకుంటుంది. అందుకని ఈ పని ఎప్పుడూ ఆరుబయటే. దగ్గర్లో పొయ్యి, దీపం, అగరొత్తి, దోమల చుట్ట ఏదీ వెలగకూడదు. వంటింటి గుమ్మం పక్కన అసలే వద్దు. బండి చల్లారాకే విప్పండి. వదులు పైట, చున్నీ దోపుకోండి.

ఇంకో సంగతి. తీసిన పెట్రోలుని కూల్ డ్రింక్ సీసాల్లో, మంచినీళ్ళ బాటిళ్ళలో పొయ్యకండి. పిల్లలు నీళ్ళనుకుని తాగేస్తారు. గొట్టం పెట్టి నోటితో లాగడమూ వద్దు. ఒకవేళ ఎవరైనా మింగితే వాంతి చేయించే ప్రయత్నం చెయ్యకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. వాంతి చేయిస్తే పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణానికే ముప్పు. పాడైన పెట్రోలుని కాలవలోనో చెరువులోనో పారబోయకండి. మన చుట్టూ ఉన్నవి చేపల చెరువులు కదా. మూతున్న డబ్బాలో పోసి మెకానిక్ షెడ్డులో ఇచ్చెయ్యండి.

మూడు ప్రశ్నలు వేసుకోండి

కార్బొరేటర్ని అనుమానించే ముందు వరసగా మూడు చూడాలి.

మొదటిది, పెట్రోలు కిందికి వస్తోందా? పెట్రోల్ కాక్ తిప్పి, కార్బొరేటర్‌కి వచ్చే గొట్టం ఊడదీసి డబ్బాలో పెట్టండి. ధార సాఫీగా రావాలి. చుక్కలు చుక్కలుగా వస్తే కాక్‌లోని జాలీ పూడిపోయి ఉంటుంది. ట్యాంకు మూతకున్న గాలి రంధ్రం కూడా చూడండి. నూనె డబ్బాకి ఒకే చిల్లు పెడితే నూనె ఆగి ఆగి పడుతుంది, రెండో పక్క ఇంకో చిల్లు పెడితే ధారగా వస్తుంది. ఇదీ అంతే. తాడేపల్లిగూడెంలో బాగానే బయల్దేరి కాసేపటికి దారిలో ఆగిపోయి, మూత తీసి పెట్టగానే మళ్ళీ నడిచిందంటే తప్పు మూతదే.

రెండోది, గాలి లోపలికి పోతోందా? ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. లంకల రోడ్ల దుమ్ముకి అది అట్ట కట్టి ఉంటుంది. ఎలకలు గూడు పెట్టుకున్నా ఆశ్చర్యం లేదు. స్పాంజి రకమైతే సర్ఫు నీళ్ళలో పిండి, పూర్తిగా ఆరాక చుక్క ఆయిలు రాసి బిగించవచ్చు. కాగితం రకాన్ని కడక్కండి, మార్చండి.

మూడోది, నిప్పురవ్వ వస్తోందా? ప్లగ్గు విప్పి దాని మొహం చూడండి. లేత కాఫీ రంగులో ఉంటే ఆరోగ్యం. కట్టెల పొయ్యి మీద గిన్నె అడుగులా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ. బూడిదలా తెల్లగా ఉంటే తక్కువ. ఎన్ని కిక్కులు కొట్టినా పొడిగానే ఉంటే పెట్రోలు అందడం లేదు. తడిసి ముద్దయితే పెట్రోలు వస్తోంది గాని అంటుకోవడం లేదు. ఈ పాత బళ్ళలో పాయింట్లు అనే ముక్కలు తుప్పు పట్టి రవ్వ రాకపోవడం మామూలే. అప్పుడు కార్బొరేటర్ ఎన్నిసార్లు కడిగినా ఫలితం ఉండదు. రవ్వ పరీక్ష మాత్రం మెకానిక్కు చేతే చేయించండి. పెట్రోలు ఆవిరి దగ్గర రవ్వతో ఆటలు వద్దు.

లక్షణాన్ని బట్టి జబ్బు

ఈ మూడూ బాగున్నా బండి మొరాయిస్తే, అప్పుడు కార్బొరేటర్ వైపు చూడాలి.

చోక్ వేస్తే నడిచి, చోక్ తీస్తే ఆగిపోతోందా? స్లో జెట్టు పూడింది. దాని రంధ్రం అర మిల్లీమీటరు కన్నా సన్నం. అందుకే ముందు పూడేది అదే.

నిలబెడితే బాగానే ఆడుతుంది గాని, యాక్సిలరేటర్ తిప్పితే లాగడం లేదా? మెయిన్ జెట్టో, ఎయిర్ ఫిల్టరో.

కింద గొట్టంలోంచి పెట్రోలు కారిపోతోందా? గిన్నెలో ఫ్లోట్‌కి చిల్లు పడిందో, నీడిల్ వాల్వు కూర్చునే చోట చెత్త చేరిందో. రాత్రిపూట కాక్ కట్టెయ్యండి. బండిని ఇంట్లో పెట్టకండి.

నల్లటి పొగ, ప్లగ్గు మసి, మైలేజీ లేదా? చోక్ పూర్తిగా వెనక్కి రావడం లేదేమో చూడండి. నీలం పొగైతే సంగతి వేరు, అది ఆయిలు కాలుతున్న పొగ. చాలా టూ స్ట్రోక్ బళ్ళకి పెట్రోల్లోనే ఆయిలు కలపాలి, కొన్నిటికి విడిగా ఆయిల్ ట్యాంకు ఉంటుంది. మీది ఏ రకమో తెలుసుకుని, కంపెనీ చెప్పిన కొలతే వాడండి. ఆయిలు ఎక్కువైతే పొగ, అసలు లేకపోతే ఇంజను పట్టేస్తుంది.

మీరు తిప్పకుండానే ఇంజను రయ్యిమని గోల చేస్తోందా? కార్బొరేటర్‌కీ ఇంజనుకీ మధ్యనున్న రబ్బరు పగిలి దొంగ గాలి పీలుస్తోంది. ముందు యాక్సిలరేటర్ కేబులు ఎక్కడా పట్టెయ్యలేదని చూసి, తర్వాత ఆ రబ్బరుని వంచి వెలుతురులో చూడండి. సన్నని బీటలు కనబడితే మార్చడమే.

విప్పి కడిగే పద్ధతి

ముందు కాక్ కట్టి, గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి పెట్రోలుని పాత గాజు గ్లాసులోకి పట్టండి. ఆ గ్లాసే సగం కథ చెప్తుంది. అడుగున ముత్యాల్లా గుండ్రని బొట్లు నిలిస్తే నీళ్ళు. ఎర్రటి నలుసులైతే ట్యాంకు తుప్పు. జిగురుగా, పాత వార్నీషు వాసన వేస్తే పెట్రోలు చచ్చిపోయింది.

తర్వాత కార్బొరేటర్ విప్పండి. ప్రతి మెట్టులోనూ సెల్‌ఫోన్‌తో ఒక ఫోటో తియ్యండి. సూదికి ఉండే చిన్న క్లిప్పు ఎన్నో గాడిలో ఉందో కాగితం మీద రాసుకోండి. స్క్రూలూ జెట్లూ పోపుల పెట్టె లాంటి గళ్ళ డబ్బాలో వరసగా పెట్టుకోండి. మీ పోపుల పెట్టె మాత్రం వాడకండి సుమా! మళ్ళీ వంటకి పనికిరాదు.

ఫ్లోట్‌ని చెవి దగ్గర పెట్టి కొబ్బరికాయ ఊపినట్టు ఊపండి. లోపల చప్పుడైతే చిల్లు పడ్డట్టే. నీడిల్ వాల్వు మొనని గోటితో తడిమి చూడండి. చుట్టూ గీత పడి ఉంటే అరిగింది.

జెట్లని వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి. గుండ్రని చుక్క వెలుగు కనబడాలి. కనబడకపోతే కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి కాసేపు ఉంచి, పంక్చరు షాపులో గాలి కొట్టించండి. కళ్ళకి అద్దాలు పెట్టుకోవడం మరవకండి.

పంపు స్టవ్వు వాడిన వాళ్ళకి ఇక్కడ చెయ్యి ఊరుకోదు. నిప్పిలు పూడితే పిన్ను పెట్టి పొడవడం మనకి అలవాటు. జెట్టుకి మాత్రం పిన్ను, సూది, ఇనప తీగ పెట్టకండి. ఇత్తడి మెత్తన. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా కొలత మారిపోయి పెట్రోలు తాగుతుంది. మొండికేస్తే బ్రష్షులోని నైలాను పోగు చాలు.

ఇంకో వంటింటి అలవాటు కూడా కట్టిపెట్టాలి. ఇత్తడి కదా అని చింతపండు పెట్టి తోమకండి. నిమ్మకాయా వద్దు. కార్బొరేటర్ ఒళ్ళు అల్యూమినియం, జింకు లాంటి లోహాలతో పోతపోసింది. పులుపు దాన్ని తినేస్తుంది. రబ్బరు రింగుల మీద కూడా స్ప్రే కొట్టకండి, ఉబ్బిపోతాయి.

ఇంత కడిగీ ట్యాంకుని వదిలేస్తే బిందె కడక్కుండా గ్లాసు కడిగినట్టే. టార్చిలైటు వేసి ట్యాంకు లోపలికి చూడండి. తుప్పుంటే ముందు దాన్ని శుభ్రం చేయించండి. కాక్‌కీ కార్బొరేటర్‌కీ మధ్య చిన్న పెట్రోల్ ఫిల్టర్ వేయించండి.

బిగించేటప్పుడు బలం చూపకండి. ఇంజను వైపు రెండు నట్లూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకటే లాగి బిగిస్తే అంచు వంగి మళ్ళీ దొంగ గాలి మొదలు.

స్క్రూ తిప్పడం చిట్టచివరి పని

బండి మొరాయించగానే చాలామంది చేసే మొదటి పని స్క్రూడ్రైవరు తీసి ఎయిర్ స్క్రూ తిప్పడం. దాంతో అసలు జబ్బుకి తోడు కొత్త జబ్బు వస్తుంది. కడగడం, ఫిల్టరు, ప్లగ్గు, పాయింట్లు అన్నీ అయ్యాకే దాని జోలికి వెళ్ళాలి.

ముందు స్క్రూని మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రాసుకోండి. అంతకుముందు ఉన్న కొలత అదే. ఆనగానే ఆపండి, బిగిస్తే మొన పాడవుతుంది. తర్వాత చుట్టున్నర వెనక్కి తిప్పండి. చాలా పాత బళ్ళకి మొదలుపెట్టడానికి ఇది మంచి చోటు. ఇంజను వేడెక్కాక పావు చుట్టు చొప్పున తిప్పుతూ వినండి. ఎక్కడ హుషారుగా, నిలకడగా ఆడితే అక్కడ ఆపి, ఐడిలింగ్ స్క్రూతో జోరు తగ్గించండి.

స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే లోపలికి తిప్పినకొద్దీ పెట్రోలు ఎక్కువవుతుంది. ఇంజను వైపు ఉంటే తక్కువవుతుంది. ఇది తెలియక తారుమారు చేసేవాళ్ళే ఎక్కువ.

అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రం ఒకటుంది. ఒకసారికి ఒకటే మార్చండి. పులుసు కుదరలేదని ఉప్పూ, కారం, బెల్లం ఒకేసారి వేస్తే ఏది ఎక్కువైందో ఎలా తెలుస్తుంది? ఒకటి మార్చి, నడిపి చూసి, నోట్‌బుక్‌లో రాసుకుని, అప్పుడు రెండోది. మెకానిక్కు దగ్గరికి వెళ్ళినా ఆ పుస్తకం పట్టుకెళ్ళండి. "ఏం చేశారమ్మా?" అంటే జవాబు మీ చేతిలో ఉంటుంది.

కొల్లేటి గాలి, కొత్త పెట్రోలు

మన ప్రాంతంలో బళ్ళకి రెండు ప్రత్యేకమైన కష్టాలున్నాయి.

మొదటిది తేమ. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దేశమంతా దాదాపు అదే అయింది. ఇథనాల్‌కి తేమని పీల్చుకునే గుణం ఉంది. వానాకాలంలో అప్పడం మెత్తబడ్డట్టు, కొల్లేటి గాలికి ట్యాంకులో పెట్రోలు నీళ్ళు పడుతుంది. నీళ్ళు మితిమీరితే విడిపోయి అడుగుకి చేరతాయి. అడుగున్నదే ముందు కార్బొరేటర్లోకి దిగుతుంది. పాత రబ్బరు గొట్టాలూ, ప్యాకింగులూ ఈ పెట్రోలుకోసం తయారైనవి కావు. ఉబ్బుతాయి, పగులుతాయి. అందుకే గొట్టాలు కొత్తవి వేయించండి. వారం పది రోజులకోసారైనా బండిని కాస్త దూరం తిప్పండి. నెలకి మించి నిలబెట్టాల్సి వస్తే కాక్ కట్టి, బండి దానంతటది ఆగేదాకా నడపండి. మిగిలిన పెట్రోలుని డ్రెయిన్ స్క్రూ నుంచి తీసెయ్యండి. ఈ ఒక్క అలవాటుతో కార్బొరేటర్ జబ్బులు చాలామటుకు రానే రావు.

రెండోది నీళ్ళు. తమ్మిలేరు పొంగితే ఏలూరుకి భయం, బుడమేరు పొంగితే కొల్లేటి లంకలకి భయం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ కాలనీల్లో ఎన్ని బళ్ళు మునిగాయో టీవీల్లో చూశాం. మునిగిన బండిని "నడుస్తుందేమో" అని కిక్కు కొట్టకండి. లోపల నీళ్ళుంటే ఇంజను దెబ్బతింటుంది. ముందు ప్లగ్గు విప్పాలి. ఎయిర్ ఫిల్టర్ తియ్యాలి. కార్బొరేటర్ గిన్నె, ట్యాంకు ఖాళీ చెయ్యాలి. ఇంజనాయిల్ పాలు కలిపిన టీలా కనబడితే నీళ్ళు చేరినట్టే, మార్చాలి. అన్నీ ఆరాకే కిక్కు.

కొత్తది ఎప్పుడు వెయ్యాలి?

కార్బొరేటర్ లోపల పైకీ కిందికీ కదిలే స్లైడు గొట్టంలో లొటలొటలాడుతుంటే, ఒంటికి బీట పడితే, స్క్రూ మరలు కొట్టేస్తే అప్పుడు నిజంగానే పోయినట్టు. మిగతా వాటికి జెట్లు, నీడిల్ వాల్వు, ప్యాకింగు ఉన్న రిపేరు కిట్టు సరిపోతుంది. యెజ్డీ తయారుచేసిన మైసూరు కర్మాగారం 1996లోనే మూతపడింది. ఆర్.ఎక్స్.100 తయారీ ఆగిందీ ఆ ఏడాదే. కాబట్టి అసలు సామాను దొరకడం కష్టం, నకిలీలు మాత్రం దండిగా దొరుకుతాయి. మీ పాత కార్బొరేటర్ని కడిగి వాడుకోవడమే చాలాసార్లు మేలు. మారిస్తే పాతది అడిగి ఇంటికి తెచ్చుకోండి. పారెయ్యనివ్వకండి.

చివరగా కాగితాల మాట. సొంత వాడకపు బండి రిజిస్ట్రేషను 15 ఏళ్ళకి ముగుస్తుంది. తర్వాత తనిఖీ చేయించి 5 ఏళ్ళకోసారి పొడిగించుకోవాలి. బండి పేరున్న పెద్దాయన లేకపోతే వారసుల పేరుకి మార్పించుకోవాలి. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్టు కూడా ఉండాలి. ఇవి కుదురుతాయో లేదో ముందు రవాణా ఆఫీసులో కనుక్కుని, ఆ తర్వాతే బండి మీద డబ్బు పెట్టండి. అన్నట్టు, కార్బొరేటర్ సరిగ్గా కుదిరితే పొగ పరీక్ష గట్టెక్కడం కూడా తేలికవుతుంది.

ఈసారి ఎవరైనా "కార్పొరేటర్ పోయిందమ్మా" అంటే, "పోయిందా, పూడిందా?" అని నవ్వుతూ ఒక్క ప్రశ్న వెయ్యండి. డ్రెయిన్ స్క్రూ విప్పి గాజు గ్లాసు తెచ్చి చూపించండి. గోనెపట్టా కింద ఉన్నది పాత ఇనుమో, ఇంకా నడవగల బండో ఆ గ్లాసుతోనే తేలడం మొదలవుతుంది.